గోదావరి వానలకి నిలబడే మల్చింగ్: పెరటి మడి మీద ఎలా పరచాలి

కడియపులంక నుంచి మొక్కలు తీసుకెళ్ళి రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వైపు ఇళ్ళల్లో తోటలు వేసి ఇవ్వడం నా పనండి. మొక్క ఎవరైనా నాటతారు. నాటాక మడి మీద ఏం పరిచారు, ఎప్పుడు పరిచారు అన్న దగ్గరే ఆ తోట నిలబడేదీ లేనిదీ తేలుతుంది. ఈమధ్య మల్చింగ్, అంటే మడి మట్టి మీద గడ్డో పొట్టో కప్పే పని, ఒక్కటే చేసిపెట్టమని పిలిచేవాళ్ళూ ఎక్కువయ్యారు. వాళ్ళల్లో చాలామంది ఫోన్‌లో వీడియో చూపించి "ఇదిగో, ఇలాగే కావాలమ్మా" అంటారు. ఆ వీడియో ఏ మెట్ట ఊళ్ళోనో తీసి ఉంటుంది. అక్కడ పెట్టిన నాలుగు బిందెల నీళ్ళు ఆవిరైపోకుండా దాచుకోడానికి మల్చింగ్ వేస్తారు. మనకి జూన్ నుంచి నవంబరు దాకా దాచుకోవాల్సిన అవసరం ఎక్కడిది? పడ్డ నీళ్ళు ఎటు పోతాయా అనే కదా మన బెంగ.

అందుకని మన దగ్గర దీని పనే వేరు. వాన చినుకు వచ్చి నేరుగా మట్టిని కొట్టకుండా దెబ్బ కాయాలి. పడ్డ నీరు మెల్లగా దిగి, మిగిలింది పక్కకి పోయేలా వదలాలి. ఈ రెండూ చేసేదే మన వైపు మంచి మల్చింగ్. మే నెల ఎండలో తేమ పట్టి ఉంచడం దానికి అదనం. ఏం కొనాలి, ఎంత మందం వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నవన్నీ దీన్ని బట్టే చెప్తాను.

దెబ్బ కాయడం ఏంటీ అనుకుంటారేమో. ఖాళీగా ఉన్న మడి మీద ఒక గంట జడివాన పడ్డాక వెళ్ళి చూడండి. పైన మట్టి మెత్తటి బురదలా పరుచుకుని, ఎండ రాగానే పెంకు కడుతుంది. ఆ పెంకు కింద వేళ్ళకి గాలి ఆడదు, తరవాతి వాన నీళ్ళు లోపలికి దిగకుండా పైనుంచే జారిపోతాయి. ఇంకోటి, వంగ, టమాటా కింది ఆకులు తిరగేసి చూడండి, మట్టి చిమ్మిన మరకలుంటాయి. ఆకుమచ్చ తెగుళ్ళలో కొన్ని ఆ చిమ్మిన మట్టితో పైకెక్కుతాయి. మడి మీద రెండు మూడు అంగుళాల పొర ఉంటే ఆ చిమ్మడం ఉండదు. మందులు కొట్టే పని కొంత అక్కడే తగ్గుతుంది.

ముందు నీళ్ళ దారి

మల్చింగ్ చేయమని పిలిస్తే నేను మొదట చూసేది మొక్కల్ని కాదు, డాబా మీద నీళ్ళు దిగే గొట్టం ఎక్కడుందో చూస్తాను. లెక్క వేసుకోండి. 1000 చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్ల నీళ్ళు. తుఫాను రోజుల్లో ఒక్క పూటలో పడే వాన అది. రెండు గొట్టాలుంటే ఒక్కో దాంట్లోంచి నాలుగున్నర వేల లీటర్లు మడి మీదకి దూకుతాయి. ఏం పరిచినా ఆగదు, గేటు దాటి రోడ్డు మీదుంటుంది. అందుకని గొట్టం కింద రెండడుగుల మేర ఏ పొట్టూ (మడి మీద పరిచేది ఏదైనా పొట్టు అనే అంటాను) వేయకూడదు. అక్కడ ఇటుక ముక్కలో, కంకర రాయో పోసి, అక్కడినుంచి మురుగు కాలవ వైపు చిన్న బోదె తీయాలి. గొట్టానికి ఒక వంపు ముక్క తగిలించి నీటిని మడి దాటించగలిగితే ఇంకా మంచిది. ప్లంబరుకి పది నిమిషాల పని.

తరవాత గుంట పరీక్ష. మడిలో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీళ్ళతో నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. సాయంత్రం రెండోసారి నింపిన నీళ్ళు తెల్లారి కూడా గుంటలో కనపడుతుంటే ఆ నేల మీద మల్చింగ్ వేసే వేళ ఇంకా రాలేదన్నమాట. వేస్తే తడిగుడ్డ కప్పినట్టే, వేళ్ళు కుళ్ళుతాయి. ముందు మడి ఎత్తు పెంచాలి.

ఎంత ఎత్తు అంటే నేలని బట్టి. రాజానగరం, కోరుకొండ వైపు ఎర్రనేల అయితే 6 అంగుళాలు చాలు. డెల్టాలో నల్లమట్టి, కాలవ పక్క ఇళ్ళు అయితే 9 నుంచి 12 అంగుళాలు ఉండాల్సిందే. రాజోలు, అంతర్వేది వైపు ఇసుక నేలకి అసలు ఎత్తే అక్కర్లేదు, అక్కడ నీళ్ళు నిలవవు. ఎత్తు మడికి చుట్టూ ఇటుకలు నిలబెడతారు కదా, వాటి మధ్య సిమెంటు పూసి అచ్చం తొట్టెలా మూసేయకండి. ప్రతి మూడు నాలుగు అడుగులకీ ఒక ఇటుక సందు వదలండి. ఆ సందుకి లోపలి వైపు గుప్పెడు కంకర పెడితే నీళ్ళు వస్తాయి, మట్టి రాదు. మేస్త్రీలు ఈ సందు వదలమంటే మొహం చిట్లిస్తారు, చూడ్డానికి బాగోదని. దగ్గరుండి వదిలించండి.

ఏం పరచాలి

వాన ఎక్కువున్న చోట సూత్రం ఒక్కటే: సన్నగా, తేలిగ్గా ఉన్నది వద్దు. ముతగ్గా ఉండి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేది కావాలి.

నా ఓటు కొబ్బరి డొక్కల (కాయ మీద పీచుతో ఉండే తొక్క) ముక్కలకే. అంబాజీపేట, అమలాపురం చుట్టుపక్కల డొక్కలకి కొదవలేదు. వాటిని అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కోసి పరిస్తే పీచుతో పీచు పెనవేసుకుని జడివానకి కూడా కదలవు. మధ్యలో గాలి ఆడుతుంది. రెండేళ్ళ దాకా నిలుస్తాయి. కాకపోతే పచ్చి డొక్క నుంచి ఎర్రటి చాయ దిగుతుంది. మడి పక్కన పాలరాయో, తెల్ల టైలో ఉంటే ఆ చాయ మరక పట్టిందంటే ఓ పట్టాన వదలదు. అందుకని ముందుగా తొట్టెలో నీళ్ళు పోసి ఒక రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఇంకోసారి అలాగే చేయండి. తొట్టె లేకపోతే ఏ మూలో కుప్ప పోసి రెండు మూడు వానలు తడవనిచ్చి వాడండి. సముద్రం పక్క ఉప్పునీళ్ళలో నానిన సరుకైతే ఈ కడగడం ఇంకా ముఖ్యం, ఉప్పు వదిలితే గాని మొక్కకి పనికిరాదు.

డొక్కల్ని కోయకుండా సగాలుగానే పరుస్తారు కొందరు, పెద్ద చెట్ల పాదుల్లో. పరవచ్చు. కానీ గిన్నెలా ఉన్న వైపు నేలకి బోర్లించాలి. మెట్ట ప్రాంతంలో నీళ్ళు పట్టి ఉంటాయని వెల్లకిలా పెడతారు, మనం అలా పెడితే ఒక్కో డొక్కలో గ్లాసుడు నీళ్ళు నిలిచి వారంలో దోమ పిల్లలు తిరుగుతాయి. డెంగీ దోమకి ఆ మాత్రం నీళ్ళు చాలు.

కొబ్బరి పొట్టు వేరు, డొక్క ముక్కలు వేరు. షాపుల్లో ఇటుకలా అచ్చు పోసి అమ్మే కోకోపీట్ ఈ పొట్టే. 5 కిలోల దిమ్మ నానబెడితే 60, 70 లీటర్ల దాకా పొంగుతుంది, నీళ్ళు విపరీతంగా పట్టి ఉంచుతుంది. కుండీ మట్టిలో కలపడానికి బంగారం. మడి పైన పరచడానికి మాత్రం వానాకాలంలో తీసుకోకండి. పైపైన ఆరినట్టుంటుంది, లోపల పిండితే నీళ్ళు కారతాయి. గట్టి వానకి ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతుంది కూడా.

రెండోది ఎండుగడ్డి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కూరగాయల మడికి దీన్ని మించింది లేదు. కానీ ఏ పంట గడ్డో అడిగి తీసుకోండి. దాళ్వా (రబీ వరి) గడ్డి ఎండాకాలంలో కోసి, గలగలలాడేలా ఎండి, మేటు వేసి ఉంటుంది. జూన్‌కి సరిగ్గా అక్కరకొస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు తుఫాన్ల రోజుల్లో పడతాయి కాబట్టి ఆ గడ్డి చాలాసార్లు తడిసి, లోపల బూజు పట్టి ఉంటుంది. మేటులో చెయ్యి పెట్టి లోపలి గడ్డి లాగి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. గడ్డితో ఒకటే చిక్కు, తాలు గింజల్లో గట్టి గింజలు కలిసి ఉంటే నెల తిరిగేసరికి గులాబీల మధ్య వరి మొలుస్తుంది. దులిపి పరచండి.

సరుగుడు ఆకు దొరికితే వదలకండి. ఉప్పాడ వైపు తోటల కింద సూదుల్లా రాలి పడి ఉంటుంది. తోట యజమానిని అడిగి ఏరుకోవాలి సుమా, గోనె పట్టుకుని దూరిపోకూడదు. సన్నగా ఉన్నా ఆ సూదులు చాపలా అల్లుకుంటాయి కాబట్టి గాలికీ నీళ్ళకీ కదలవు. రెండంగుళాలు చాలు. చెరకు ఎండాకు కూడా బాగుంటుంది, కాకపోతే జానెడు ముక్కలుగా కొట్టించాలి, అంచులు చేతులు కోస్తాయి.

ఇక వద్దనేవి. మండపేట, రామచంద్రపురం వైపు రైసు మిల్లుల దగ్గర ఊక గుట్టలుగా ఉంటుంది కాబట్టి అందరికీ దాని మీదే కన్ను. ఊక నీళ్ళ మీద తేలుతుంది, మొదటి పెద్ద వానకి మీ మడి ఊక పక్కింటి వాకిట్లో ఉంటుంది. మట్టిలో కలుపుకోండి, పైన పోయకండి. రంపపు పొట్టు పచ్చిది పోస్తే అట్టలా బిగుసుకుపోయి వాన నీళ్ళు కూడా దిగనివ్వదు. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టి పైపొరలో నత్రజని లాగేసుకుంటాయి కాబట్టి లేత మొక్కలు పాలిపోతాయి. కుప్ప పోసి ఏడాది మాగబెట్టి నల్లబడ్డాక అయితే సరే. వేరుశనగ పొట్టు మొక్కకి మంచిదే గాని మిగిలిన పప్పు కోసం ఎలకలు దిగుతాయి.

తెల్లరాళ్ళ సంగతి చెప్పాలి. ఇంటి ముందు మడిలో తెల్లటి గులకరాళ్ళు పోయమని అడగని ఇల్లు లేదిప్పుడు. పోయించుకున్న రోజు ఫోటోకి బాగుంటుందండి. రెండు నెలల వానకి పాచి పట్టి పచ్చబడతాయి, మే నెలలో పెనంలా కాలి మందార వేళ్ళని ఉడికిస్తాయి. ఎడీనియం, కాక్టస్ లాంటి వాటికి మాత్రం రాళ్ళే కరెక్టు, వాటి మొదట్లో తడి పొట్టు వేస్తే కుళ్ళిపోతాయి. రాళ్ళ కింద వేసే నల్ల వీడ్ మ్యాట్ (కలుపు రాకుండా పరిచే గుడ్డ) కూడా డెల్టా మట్టి మీద రెండేళ్ళకి ఒండ్రుతో పూడుకుపోతుంది, అప్పుడు దాని మీద నీళ్ళు నిలుస్తాయి. మిరప, పుచ్చ రైతులు వేసే వెండి రంగు ప్లాస్టిక్ షీటు డ్రిప్పు ఉన్న పొలానికి. పెరట్లో దాంతో పనిలేదు.

ఎంత కావాలి

బస్తాల లెక్కన బేరం ఆడకండి, ఎవరి బస్తా వాళ్ళదే. మడి పొడవు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో, మందం అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి 12తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మడికి 3 అంగుళాల డొక్క ముక్కలంటే 12 ఘనపుటడుగులు. ఖాళీ సిమెంటు సంచిలో సుమారు ఒకటింబావు పడుతుంది కాబట్టి పది సంచులు. ఎండుగడ్డి అయితే ఈ లెక్క పనిచేయదు, నాలుగు వానలకి సగానికి సగం అణుగుతుంది. మూడంగుళాలు మిగలాలంటే ఆరంగుళాలు పరచాలి.

డొక్క ముక్కలు 3 అంగుళాలు, సరుగుడు ఆకు 2, ఎండుగడ్డి అణిగాక 3. అంతకు మించి వద్దు. "ఇంకాస్త వెయ్యమ్మా, సరుకు మిగిలింది కదా" అంటారు ఇంటివాళ్ళు. మిగిలింది సంచుల్లో కట్టి వరండాలో పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఎప్పుడు, ఎలా

ఎండిపోయిన మట్టి మీద పరచకూడదు, బురద మీదా పరచకూడదు. జూన్‌లో మొదటి వానలు రెండు మూడు పడనివ్వండి. నేలలో నిద్రపోతున్న గడ్డి విత్తనాలన్నీ ఒక్కసారి మొలుస్తాయి. మొలవనిచ్చి, రెండాకుల దశలో ఉండగా ఎండ కాసిన రోజు చూసి పారతో పైపైన చెక్కేయండి. లోతుగా తవ్వితే కింద ఉన్న విత్తనాలు పైకొచ్చి మళ్ళీ మొదలు. ఈ ఒక్క పని ఓపిగ్గా చేస్తే ఆ తరవాత కలుపు పీకే కూలి చాలా తగ్గుతుంది.

తుంగ మాత్రం వేరే జాతి. దాని కింద గడ్డలుంటాయి, మూడంగుళాలు కాదు కదా అరడుగు పరిచినా పొడుచుకుని పైకి వస్తుంది, కింద అట్ట వేస్తే అట్టనీ పొడుస్తుంది. తుంగ, గరిక ఉన్న మడిని ఎండాకాలంలోనే గునపంతో తవ్వి గడ్డలు ఏరి ఎండబెట్టాలి. ఇప్పుడే జూన్ వచ్చేసిందంటే మల్చింగ్ పరిచేసి, పైకి వచ్చిన ప్రతి మొలకనీ వారం వారం లాగడమే. పొట్టు కింద మట్టి గుల్లగా ఉంటుంది కాబట్టి కొన్నిసార్లు గడ్డతో సహా వస్తుంది. అట్టపెట్టెలు పరిచే పద్ధతి నాకు నచ్చదు. నల్లమట్టి మీద తడిసిన అట్ట గాలి ఆడనివ్వదు, ఎర్రనేల మీద చెదలకి విందు.

కలుపు చెక్కాక ఎరువు. బాగా మాగిన పశువుల ఎరువు ఒక అంగుళం మందాన వేసి పైమట్టిలో కలపండి. వాన ప్రాంతంలో మల్చింగ్ కింద మొదలు కుళ్ళు రావడం సహజం, దానికి ముందే ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళు తెచ్చే బూజుల్ని అణిచే మేలైన బూజు) పెట్టుకోవాలి. రైతులకి చెప్పే పాళ్ళు 90 కిలోల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. ఇంటి మడికి నాలుగున్నర కిలోల ఎరువు, అరకిలో వేపపిండి, 100 గ్రాముల పొడి కలిపి, కాస్త నీళ్ళు చల్లి, నీడన తడి గోనె కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లగా, తరవాత పచ్చగా బూజు అల్లుకుంటుంది. అదే కావాలి. ఆ బూజు చూసి చెడిపోయిందని పారబోయకండి. దీన్ని మడిలో వేసిన రోజుల్లో రాగి మందులు, వేరే శిలీంధ్ర మందులు నేలలో పోయకూడదు, ఇదీ చచ్చిపోతుంది.

పరిచే రోజు మట్టి పిడికిట్లో పట్టి చూడండి. ఉండ కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పొడిచినా ముద్దగానే ఉంటే ఒక రోజు ఆగండి. మడి అంచు ఇటుకల పైతట్టు కంటే మట్టి మూడు నాలుగు అంగుళాలు దిగువన ఉండాలి, లేకపోతే పొట్టు నిలవడానికి చోటుండదు. ఎక్కువుంటే తీసేయండి. మొక్కల మొదళ్ళ మీద పాత కుండీలో, మూతలో బోర్లించి, గమేళాలతో మడి దూరపు చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ పోయండి. పోసినదాని మీద తొక్కకూడదు. దంతెతో సమంగా లాగి, కుండీలు తీసేస్తే మొదట్లో చక్కగా ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీయే ఈ పని అంతట్లోకీ ప్రాణం. వంగ, మిరప, బంతికి రెండంగుళాలు, గులాబీ, మందార, నందివర్ధనానికి నాలుగు, మామిడి, సపోటా లాంటి చెట్లకి అడుగు. చెట్టు మొదట్లో పొట్టు గుట్టలా పోసి చుట్టూ పల్చగా వదిలేసినవి ఎన్నో ఇళ్ళల్లో చూస్తాను. ఉండాల్సింది తిరగేసి, మధ్యలో పల్లెం, చుట్టూ గట్టు. బెరడు తడిగా ఉంటే మన వానలకి నెల్లాళ్ళల్లో మెత్తబడి ఊడొస్తుంది. పని చేసేవాళ్ళు వెళ్ళిపోకముందు మీరే వంగి ప్రతి మొక్క మొదలూ వేలితో తాకి చూసుకోండి. డబ్బులు ఆ తరవాత ఇవ్వొచ్చు.

పసుపు, అల్లం వేసిన మడికి ఈ ఖాళీ లెక్కల్లేవు. నాటిన రోజే మొత్తం కప్పేయండి, మొలక పొడుచుకుని వస్తుంది. తోటకూర, గోంగూర చల్లిన చోట మొక్క నాలుగంగుళాలు లేచేదాకా ఏమీ వేయొద్దు, లేచాక వరసల మధ్య సన్నగా గడ్డి. చేమ, అరటి దగ్గర మాత్రం ధారాళంగా వేయండి, వాటికి ఎంతైనా సరిపోదు.

గోడ, గుమ్మం

ఇంటి గోడకీ మల్చింగ్‌కీ మధ్య అడుగు ఖాళీ ఉండాలి. గోడకి ఆనించి పోస్తే చెదలు పొట్టు మాటున మట్టి దారి కట్టుకుని నేరుగా గుమ్మం చట్రంలోకి వెళ్తాయి, మీకు కనపడదు కూడా. ఖాళీ ఉంటే ఆ మట్టి దారి గోడ మీద కనపడుతుంది, చీపురుతో గీకేయొచ్చు.

మెట్లకి దగ్గర్లో, పిల్లలు ఆడే చోట ఎండుగడ్డి మందంగా వేయకండి. గడ్డిలో కప్పలు చేరతాయి, కప్పల కోసం ఏం వస్తుందో మన ఊళ్ళల్లో చెప్పక్కర్లేదు. జెర్రులు, తేళ్ళు సరేసరి. ఒక రిటైరైన మాస్టారు నన్ను పిలిచి, వీధి గుమ్మం పక్కన గడ్డి పరవబోతుంటే "ఏమ్మా, మా ఇంటికొచ్చే చుట్టాలకి పాముల్ని ఎదురు పంపిస్తావా?" అన్నారు. ఆయన మాట న్యాయమే. అక్కడ రెండంగుళాల డొక్క ముక్కలు వేశాం. గుమ్మం నుంచి ఒక గజం దాకా ఏదీ వేయకపోవడమే అన్నిటికన్నా మేలు. ఏ మడిలోనైనా సరే పొట్టు కదపాలంటే ముందు దంతెతో లాగండి, ఒట్టి చెయ్యి పెట్టకండి.

కొబ్బరి చెట్లున్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళుతున్న ఎరువు గుట్టల్లో, పుచ్చిపోయిన మొద్దుల్లో. చెట్టు పక్కన పేడ, పొట్టు కలిపి గుట్ట పోశారంటే దాన్ని ఇంటికి పిలిచినట్టే. పల్చగా పరవండి, గుట్ట పోయకండి. తిరగేసినప్పుడు చుట్టుకుని పడుకున్న లావుపాటి తెల్ల పురుగులు కనపడితే ఏరి కోళ్ళకి వేయండి.

వానల్లో చూసుకోవాల్సినవి

వారానికోసారి ఒక చోట పొట్టు పక్కకి లాగి మట్టి చూడండి, వాసన చూడండి. అడవి వాసన వస్తే అంతా బాగున్నట్టు. పుల్లగా, మురుగు కంపులా వస్తే గాలి ఆడట్లేదు. దంతెతో గుల్ల చేసి, మందం తగ్గించి, ఇటుక సందులు పూడుకుపోయాయేమో చూడండి. పుట్టగొడుగులు లేస్తే కంగారు పడకండి, పొట్టు కుళ్ళుతోందని అర్థం, మొక్కకి హాని లేదు. వండుకోకండి, అంతే. మొక్క మొదట్లో తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనపడితే మాత్రం అది మొదలు కుళ్ళు. ఆ మొక్కని చుట్టూ ఉన్న పొట్టుతో, పిడికెడు మట్టితో సహా సంచిలోకి ఎత్తి బయట పారేయండి, కంపోస్టు గుంటలో కాదు. మిగతా మొక్కల దగ్గర పొట్టు ఒక జానెడు వెనక్కి లాగి ట్రైకోడెర్మా ఎరువు వేయండి.

నత్తలు. జూలై, ఆగస్టుల్లో నన్ను ఫోన్లో ఎక్కువ అడిగేది దీని గురించే. పెద్ద పెద్ద ఆఫ్రికా నత్తలు తడి పొట్టు కింద పగలంతా పడుకుని రాత్రి బంతి, వంగ మొక్కల్ని నున్నగా కొరికేస్తాయి. సాయంత్రం ఒక గోనె సంచి తడిపి, దాని కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ తొక్కలు పెట్టి మడి పక్కన పరవండి. తెల్లవారుజామున ఎత్తితే అన్నీ అక్కడే ఉంటాయి. గ్లౌజులు వేసుకునే ఏరండి, వాటి జిగురులో మనిషికి జబ్బు చేసే నులిపురుగులు ఉండొచ్చు. బకెట్లో ఉప్పునీళ్ళు పోసి అందులో వేయండి. ఉప్పు మడి మీద చల్లే అలవాటు ఉంది కొందరికి, అది నత్తతో పాటు నేలనీ చంపుతుంది. నత్తలు మరీ విరుచుకుపడిన తోటల్లో నేను ఆ సీజనుకి గడ్డి తీయించి డొక్క ముక్కలు పల్చగా వేయిస్తాను.

తుఫాను హెచ్చరిక వస్తే, అది మనకి ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, గడ్డి మడుల మీద కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి వాటి మీద ఇటుకలు పెట్టండి. డొక్క ముక్కలకి ఏమీ అక్కర్లేదు. ఇటుక సందులు, బోదెలు ముందు రోజే శుభ్రం చేసుకోవాలి, ఇదే అసలు పని. వాన వెలిశాక మడిలో నీళ్ళు నిలిచి ఉంటే, నీళ్ళు లాగాక పొట్టు మొత్తం మడి అంచులకి లాగేసి, మూడు నాలుగు రోజులు మట్టికి గాలి తగలనివ్వండి. పైమట్టి బూడిద రంగుకి తిరిగి చిన్న చిన్న బీటలు కనపడ్డాక మళ్ళీ పరవచ్చు. ఆ నాలుగు రోజులూ ఓపిక లేక వదిలేసిన తోటల్లోనే గులాబీలు నిలువునా ఎండిపోతాయి, తడి నేలలో నిలబడి మరీ.

డిసెంబరులో వానలు పూర్తిగా తెరిపిచ్చాక పాత పొట్టు ఎంత మిగిలిందో చూడండి. గడ్డి అయితే దాదాపు కుళ్ళి నల్లగా ఉంటుంది, దాన్ని పైమట్టిలో కలిపేసి చామంతులు, టమాటాలు పెట్టుకోవచ్చు. డొక్క ముక్కలు అయితే ఒకసారి తిరగేసి, తగ్గిన చోట జూన్‌లో వరండాలో దాచిన సంచి విప్పి అంగుళం వేస్తే చాలు. ఈసారి మందం ఒక అంగుళం పెంచినా తప్పులేదు, ఫిబ్రవరి నుంచి ఎండలు మొదలవుతాయి, అప్పుడు తేమ కావాలి. మళ్ళీ మే చివర్లో ఆ పెంచిన అంగుళం తీసి, ఎండబెట్టి, సంచుల్లోకి ఎత్తండి.